ఎవరి మెడలో పలుపు

"ఒప్పేసుకుంటే పోయేదానికి ఇంత రభస ఎందుకే?" అంటూ తాతబ్బాయి కంచం ముందు నుంచి లేచిపోయాడు. పప్పన్నం కలిపాడే గాని ముద్ద నోట్లోకి పోలేదు.

ఆయన భార్య అచ్చాయమ్మ వంటింటి గుమ్మానికి చేరగిలబడి, పెరట్లో కాలిపోయిన పశువుల సావిడికేసి చూస్తూ కూర్చుంది. తాటాకు కప్పు మొత్తం పోయి నల్లటి రాటలు మిగిలాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఇంట్లోకి మసి కొడుతోంది.

"రేపు పొద్దున్నే సిద్ధాంతిగారు వచ్చేస్తారు. మన సావిట్లో దూడ కాలి చచ్చింది. అది మామూలు పాపం కాదు. ఎవరి వల్ల పోయిందో ఆ మనిషే దాని పలుపు మెడలో వేసుకుని, నాలుగిళ్ళ ముందు నిలబడి చెప్పుకుని, గోదాట్లో మునగాలి. వేరేవాళ్ళు మునిగితే పాపం పోదన్నారు. విన్నావా?"

"విన్నానండి."

"మరి?"

"నేను కాదండి."

సావిడి తగలబడిన నాటి నుంచి ఆ ఇంట్లో జరుగుతున్నది ఇదే. ఆయన అడగడం, ఆవిడ కాదనడం, అన్నం చల్లారిపోవడం.

నిజానికి ఈ రోజుల్లో పలుపు మెడలో వేసుకునేవాళ్ళెవరూ లేరు. ముక్తేశ్వరంలో ఎవరింట్లోనైనా గొడ్డు పోతే గుట్టుచప్పుడు కాకుండా ఏదో ఇంత దానం చేసి చేతులు దులుపుకుంటారు. తాతబ్బాయికి అలా కుదరదు. పాత పద్ధతులంటే ఆయనకి ప్రాణం. పాటించాల్సింది ఇంకొకళ్ళయితే మరీ ప్రాణం.

కుడితి గోలెం పక్కన సగం కాలిన చుట్ట ముక్క దొరికింది. ఆ ఇంట్లో చుట్ట తాగేది అచ్చాయమ్మ ఒక్కతే. ఇంక విచారణ ఏముంది? పక్కింటి వీరాయమ్మ కూడా దడి మీంచి తొంగిచూసి, "వదినగారు ఆ పూట సావిట్లోనే ఉన్నారండీ, నేను చూసేను," అని తన వంతు తాను చెప్పింది. ఉన్న మాట నిజమే. దూడకి గడ్డి వెయ్యడానికి వెళ్ళింది.

అచ్చాయమ్మది అడ్డపొగ. కాపురానికొచ్చిన కొత్తలో పంటి నొప్పికి మందని అత్తగారే అలవాటు చేసింది. నిప్పున్న కొస నోట్లోకి, చల్లటి కొస బయటికి.

"నిప్పు నా నోట్లో ఉంటే గడ్డికెలా అంటుకుంటుందండీ?" అని ఆవిడ మొదటిరోజే అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు దొరకని ప్రశ్న ఆడది అడిగితే మన ఇళ్ళల్లో దాన్ని పొగరంటారు.

పలుపు కన్నా ఆవిణ్ణి ఎక్కువ కోస్తున్నది ఇంకొకటి ఉంది. మనవరాలు దుర్గాశ్రీ పాలు మరిచిన దగ్గర్నుంచి మామ్మ పక్కలోనే పడుకునేది. ఇప్పుడు కోడలు భవానీదేవి చీకటి పడగానే పిల్లని తన గదిలోకి తీసుకుపోయి తలుపేసుకుంటోంది.

"నిప్పు ఎక్కడ పడేస్తారో తెలీని మనిషి పక్కన నా పిల్లని పడుకోబెట్టనండి," అని భవాని మావగారి ఎదుటే అనేసింది. "తప్పయిపోయిందని ఒప్పుకుని చుట్టలు మానేస్తానంటే ఆ పూటే పంపేస్తాను. ఒప్పుకోకుండా బుకాయిస్తున్నారే, అదండీ నా భయం."

చుట్టల కట్ట ఇప్పుడు భవాని బీరువాలో, చీరల కింద ఉంది.

ఇంతలో బయట కారు ఇంజను గొంతు చించుకుని అరిచి ఆగిపోయింది. మళ్ళీ అరిచి మళ్ళీ ఆగిపోయింది. తరవాత భవాని మొగుడు దుర్గాసాయి తిట్లు వినిపించాయి. కారు ఇవాళ కూడా గట్టెక్కలేదు.

కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే. మిగతా నేలంతా పళ్ళెంలా ఉంటుంది. దుర్గాసాయి నిరుడు హైదరాబాదులో పాతది చూసి కొనుక్కొచ్చిన పెట్రోలు కారు ఆ పళ్ళెం మీద బాగానే తిరుగుతోంది. గట్టు వాలు కనపడితే మాత్రం మొరాయిస్తోంది. అమలాపురంలో మెకానిక్ రవికుమార్ మొదట క్లచ్ ప్లేట్లు మార్చాడు. తరవాత పెట్రోలు పంపు మార్చాడు. ఆ తరవాత ఎయిర్ ఫిల్టరు మార్చి, "ఇంక విమానమేనండీ," అన్నాడు. ఆ విమానమే ఇప్పుడు గట్టు మధ్యలో నిలబడి ఉంది.

దుర్గాసాయి చెమటలు కక్కుతూ లోపలికొచ్చి చెంబెడు నీళ్ళు తాగాడు. "ఇవాళ ఆ రవికుమార్ సంగతో నా సంగతో తేలిపోవాలి."

"నేనూ వస్తాను," అంది భవాని.

"నువ్వెందుకు?"

"ఈ ఇంట్లో ఇంకాసేపు కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. పదండి."

కారుని వెనక్కి తిప్పి, రివర్సు గేరులో గట్టెక్కించాడు దుర్గాసాయి. ఆ గేరుకి బలం ఎక్కువని అతనికి ఈమధ్యే తెలిసింది. గట్టు మీద జనం సైకిళ్ళు ఆపుకుని మరీ చూశారు. భవాని కొంగు మొహం మీదికి లాక్కుంది.

రోడ్డు మీదికొచ్చాక భవాని ముక్కు మూసుకుంది.

"మళ్ళీ ఆ కంపు," అంది. "కుళ్ళిన కోడిగుడ్ల కంపు. మీ చెప్పులకి రొయ్యల చెరువు బురద అంటిందేమో చూసుకోండి."

"నేను చెరువు దగ్గరికే వెళ్ళలేదు."

"అయితే మురుగు కాలవ కంపై ఉంటుంది."

"ముక్తేశ్వరం నుంచి మురుగు కాలవ మన వెనకే వస్తోందా?"

"నా మీద విసుక్కోకండి. మీ నాన్నగారికి ఎదురు చెప్పడానికి మీకు నోరు రాదు. అమ్మగారిని నిలదియ్యడానికి నోరు రాదు. మిగిలింది నేనేగా."

"ఏం చెప్పమంటావు? సావిడి అంటుకున్నప్పుడు నేను ఊళ్ళోనే లేను. కొత్తపేట వెళ్ళిపోయేను. ఎవరు కాల్చేరో నాకేం తెలుసు?"

"అదే. మీకెప్పుడూ ఏదీ తెలీదు."

రవికుమార్ రేకుల షెడ్డులో వాళ్ళని చూడగానే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆయ్, రండి సాయిగారూ. మళ్ళీ ఏమైందండీ?"

"మూడుసార్లు సామాన్లు మార్చేవు. మూడుసార్లూ గట్టు మీద నన్ను నవ్వులపాలు చేసేవు."

"నేను వేసినవి మంచివేనండీ. మీ ఊరి గట్టే ఏదో తేడా ఉండుంటుంది."

"గట్టు సంగతి తరవాత," అంది భవాని. "కార్లో ఈ కోడిగుడ్ల కంపు ఎక్కడిదండీ? ముందది చెప్పండి."

రవికుమార్ మొహం మారింది. "కంపొస్తుందాండీ? ఈ మాట సాయిగారు ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడిగేవా?" అన్నాడు దుర్గాసాయి.

"మీరు చెప్పాలి కదండీ!"

"నువ్వడగాలి కదయ్యా!"

ఇద్దరూ కాసేపు అలా వాదులాడుకున్నారు. భవాని తలుపు ధడాలున వేస్తే గాని ఆగలేదు.

రవికుమార్ ఇంజను స్టార్టు చేయించి, వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాడు. పెట్టి మొహం చిట్లించాడు. "విసురు లేదండీ. ఊపిరాడని మనిషిలా ఉంది." కారు కింద దూరి కొయ్య సుత్తితో గొట్టం పొడుగునా కొట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో ఒకచోట డబ్బాలో పెంకులు కదిలినట్టు గలగలమంది.

"ఇదండీ దొంగ," అని కింద నుంచే అరిచాడు. "సైలెన్సరుకి ముందు కన్వర్టరని ఒక డబ్బా ఉంటుందండీ. కొత్త రకం బళ్ళకే వస్తోంది. పొగని శుభ్రం చేస్తుంది. లోపల తేనెపట్టులా సన్నటి కన్నాలుంటాయి. అది ముక్కలైపోయి దారికి అడ్డం పడింది. పొగ బయటికి పోకపోతే ఇంజను ఏం లాగుతుందండీ?"

నమ్మకం కోసం ఆ డబ్బాకి ముందున్న జాయింటు బోల్టులు వదులు చేసి ఇంజను రేజ్ చెయ్యమన్నాడు. చెవులు చిల్లులు పడేలా రంకె వేసింది. ఇన్ని నెలల్లో అంత బలంగా ఆ ఇంజను పలకడం దుర్గాసాయి వినలేదు.

"అంటే క్లచ్చు బాగానే ఉందన్నమాట. పంపూ బాగానే ఉందన్నమాట."

"కొత్తవి వేసేం కదండీ, ఇప్పుడు ఇంకా బాగుంటాయి," అన్నాడు రవికుమార్ మొహం అటు తిప్పుకుని.

బోల్టులు బిగించి బానెట్ ఎత్తాడు. ఒక ప్లగ్గు వైరుని ఎలకలు కొరికేశాయి. నాలుగు ప్లగ్గుల్లో ఒకటి వెలగడం లేదు. దాని వంతు పెట్రోలు ఇంజన్లో కాలకుండా గొట్టంలోకి పోయి, ఆ డబ్బాలో మండుతోందని చెప్పాడు. మంటకి లోపలి తేనెపట్టు పగిలింది. కంపు కూడా అక్కడి నుంచే.

కాసేపు ఇంజను అలాగే నడవనిచ్చి, "ఇప్పుడు వంగి చూడండి," అని షెడ్డులో లైటు తీసేశాడు.

దుర్గాసాయి వంగాడు. భవాని కూడా కొంగు దోపుకుని వంగింది. కారు పొట్ట కింద ఆ డబ్బా కుంపట్లో బొగ్గులా ఎర్రగా ఉంది.

"ఈ వేడికి ఎండాకు తగిలినా అంటుకుంటుందండీ," అన్నాడు రవికుమార్. "ఇంజను ఆపకుండా గడ్డి మీద గాని, కొబ్బరి పీచు మీద గాని ఎప్పుడూ నిలబెట్టలేదు కదా?"

దుర్గాసాయి లేచి నిలబడ్డాడు. మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు.

"అడుగుతున్నారు చెప్పండి," అంది భవాని. "ఆ రోజు రాజోలు నుంచి భోజనానికి వచ్చినప్పుడు కారు ఎక్కడ పెట్టేరు?"

"ఎండగా ఉందని..."

"ఎక్కడ?"

"సావిడి చూరు కింద. దాళ్వా పంట గడ్డి కట్టలు జారి పడి ఉన్నాయి అక్కడ." అతను మళ్ళీ కారు కిందికి చూశాడు. "ఇంజను ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదోనని ఆపలేదు. గబగబా తినేసి కొత్తపేట వెళ్ళిపోయేను. నేను కారు తీసేటప్పటికి పొగ కూడా లేదు భవానీ. ఒట్టు."

"గడ్డిలో నిప్పు పైకి కనపడుతుందా? లోపల్లోపల రాజుకోదా?"

షెడ్డు బయట బస్సు హారను మోగుతూనే ఉంది. రవికుమార్ వాళ్ళ మొహాలు చూసి, ఏదో స్పానరు వెతుక్కునేవాడిలా అవతలికి పోయాడు.

"రవీ!" అని పిలిచాడు దుర్గాసాయి హఠాత్తుగా. "ఆ డబ్బా విప్పేసి లోపల మొత్తం డొల్ల చేసెయ్యి. వైరు కూడా మార్చెయ్యి. ఇప్పుడే."

"ఆయ్, ఎంతసేపండీ, సాయంత్రానికి..."

"ముట్టుకోకండి," అంది భవాని.

"నీకేమైనా మతి పోయిందా?"

"ఇవాళ బాగుచేసేస్తే ఇంటికెళ్ళి ఏం చూపిస్తారు?"

"నోటితో చెప్తాను."

"ఎవరికి? మావయ్యగారికా? మీరా?"

దుర్గాసాయి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. రవికుమార్ మాత్రం నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఇలా తోలితే నాది పూచీ లేదమ్మా. నెమ్మదిగా వెళ్ళండి. ఆపితే మట్టి నేల మీదే ఆపండి."

దారి పొడుగునా భవాని మొగుడి కేసి చూడలేదు. ఆమెకి అతని మీద కోపంగా ఉంది. తన మీద తనకి అంతకన్నా కోపంగా ఉంది. పిల్లని పక్కలోంచి లాక్కుపోతుంటే అత్తగారు ఒక్క మాట అనలేదు. ఖాళీ పక్క మీద దుప్పటి సర్దుకుంటూ కూర్చుంది. అది చూసి కూడా తను తలుపేసుకుంది. నిప్పు నోట్లో ఉంటే గడ్డికెలా అంటుకుంటుందని ఆవిడ అడిగినప్పుడు ఒక్కసారైనా ఆలోచించి ఉండాల్సింది.

గట్టు దిగి కారు పెరట్లోకి వచ్చేసరికి దీపాల వేళయింది. తాతబ్బాయి అరుగు మీద మడత కుర్చీలో తీరుబడిగా కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్ళకి ఆయన మొహంలో కళ వచ్చింది. మెట్టు మీద అచ్చాయమ్మ మనవరాలికి జడ వేస్తోంది. ఆవిడ పక్కన పొగచూరిన పలుపు చుట్టచుట్టి పెట్టి ఉంది.

"అమ్మా! ఇవాళ నేను మామ్మ పక్కలో పడుకోవచ్చంట. తాతయ్య చెప్పేరు!" అని దుర్గాశ్రీ అక్కడి నుంచే కేక పెట్టింది.

"ఒప్పుకుంది," అన్నాడు తాతబ్బాయి. "ఎంత మొండిఘటమైనా చివరికి దారికి రావలసిందే. సిద్ధాంతిగారికి కబురు కూడా పంపేను."

భవాని కారు దిగి మెట్టు దగ్గరికి వచ్చింది. "అత్తయ్యగారూ, ఎందుకొప్పుకున్నారండీ?"

"నువ్వేగా అన్నావమ్మా, ఒప్పుకుంటే పిల్లని పంపుతానని." అచ్చాయమ్మ తలెత్తలేదు. జడ పాయలు సరిచేసుకుంది. "ఒప్పుకున్నాను. ఆ చుట్టలు కూడా నీ దగ్గరే ఉంచేసుకో. నాకింక అక్కర్లేదు."

కారులో కూర్చున్న దుర్గాసాయి దిగలేదు, ఇంజనూ ఆపలేదు. నోరు మూసుకుంటే గొడవ ఇక్కడితో అయిపోతుంది కదా అని ఆ నిమిషాన అతనికి ఆశ పుట్టింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని, పుట్టిన మాట నిజం.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది భవాని.

దుర్గాసాయి స్టీరింగు పట్టుకునే చెప్పాడు. "నాన్నగారూ, అమ్మ కాదండీ. ఈ కారు. దీని పొగగొట్టం కింద డబ్బా ఎర్రగా కాలుతోంది. ఆ రోజు నేను గడ్డి మీద పెట్టేను."

తాతబ్బాయి ముందు తెల్లబోయాడు. తరవాత పకపకా నవ్వాడు. "కారా? అయితే రేపు దీని మెడలో పలుపు కట్టి గోదాట్లో ముంచుదామా? ఒరేయ్, అమలాపురంలో ఇన్ని కార్లు తిరుగుతున్నాయి. అమలాపురం తగలబడిందేంట్రా? పెళ్ళాం నేర్పిందా ఈ కథ?"

అచ్చాయమ్మ చేతిలో జడ ఆగిపోయింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇవాళేనమ్మా. ఇప్పుడే, అమలాపురంలో."

"నేను ఒప్పుకున్నాక తెచ్చావా ఈ మాట?" ఆవిడ లేచి నిలబడింది. "పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి నేనే కాల్చేనని చెప్పేను రా. ఇన్నాళ్ళూ కొంప కాల్చినదాన్ని అన్నారు. ఇప్పుడు అబద్ధాలకోరుని కూడా చేస్తారా?"

అత్తగారి గొంతు అంత పైకి లేవడం భవాని కాపురానికొచ్చాక అదే మొదటిసారి వినడం. దడి అవతల వీరాయమ్మ గిన్నెలు తోమడం ఆపేసింది.

"నేను నిజమే చెప్తున్నానమ్మా."

"మీ నాన్నగారు నమ్మట్లేదుగా. నమ్మించు."

అచ్చాయమ్మ దొడ్లోకి వెళ్ళింది. కాలగా మిగిలిన గడ్డిమేటు నుంచి ఎండుగడ్డి పెద్ద మోపు లాగి, చంకన పెట్టుకొచ్చి, ఇంటికీ కొబ్బరి చెట్లకీ దూరంగా పెరటి మధ్యలో ఎత్తుగా పోసింది. పంపు కింద బకెట్టు నింపుకొచ్చి పక్కన నిలబడింది.

"దీని మీదికి తీసుకురా."

"ఏమే, నీకు పిచ్చి గాని పట్టిందా?" అన్నాడు తాతబ్బాయి.

"నీళ్ళు నా దగ్గరున్నాయండి. మీరు కూర్చోండి."

భవాని పిల్లని ఎత్తుకుని అరుగెక్కింది. దుర్గాసాయి కారు తెచ్చి గడ్డి మీద నిలబెట్టాడు. ఇంజను ఒక దెబ్బ తప్పిస్తూ, దగ్గుతూ నడుస్తోంది. కోడిగుడ్ల కంపు అరుగు దాకా వచ్చింది.

చూశారు. ఏమీ కాలేదు. ఇంకా చూశారు. దుర్గాసాయికి చెమట కళ్ళల్లోకి కారుతోంది. అంటుకోవాలని ఉంది, అంటుకోకూడదనీ ఉంది.

"అయిందా నాటకం?" అని తాతబ్బాయి కుర్చీలో వెనక్కి వాలాడు. "దారిన పోయే మెకానిక్ ఏదో అన్నాడంట, వీడు నమ్మేడంట. కారు పక్కకి తియ్యరా. నువ్వు లోపలికెళ్ళి స్నానం..."

"తాతయ్యా, పొగ!" అంది దుర్గాశ్రీ.

కారు కింద నుంచి తెల్లటి పొగ సన్నగా పాకుతూ వచ్చింది. తరవాత పసుపుపచ్చగా చిక్కబడింది. తాతబ్బాయి కుర్చీలోంచి లేచాడు. దడి మీద వీరాయమ్మ తల కనపడింది.

"పొయ్యి! పొయ్యవే నీళ్ళు!" అన్నాడు తాతబ్బాయి.

అచ్చాయమ్మ బకెట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. పొయ్యలేదు.

"పోస్తానండి. ముందొక్క మాట చెప్పండి. రేపు పొద్దున్న ఆ పలుపు ఎవరి మెడలో?"

తాతబ్బాయి మెట్టు మీదున్న పలుపు చూశాడు. కారులో ఉన్న కొడుకుని చూశాడు. నాలుగిళ్ళ ముందు నిలబడాల్సింది తన కొడుకని తెలిసేసరికి, పాత పద్ధతి ఆయన గొంతులోనే అడ్డం పడింది.

దుర్గాసాయి ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో గడ్డి చిటపటమనడం అందరికీ వినిపించింది. ముందు చక్రం పక్కన మంట లేచింది.

"సాయీ, దిగరా! దిగెయ్యి!" అని అరిచాడు తాతబ్బాయి.

"దిగుతాడండి," అంది అచ్చాయమ్మ, బకెట్టు దించకుండా. "పలుపు ఎవరి మెడలోనో చెప్పి దిగుతాడు."